నీళ్ళు తోడేసిన లాక్‌లోకి దిగి చూస్తే

అమెరికాలో డ్యామ్‌ల సేఫ్టీ మీద పని చేస్తానని చెబితే మనవాళ్ళు వెంటనే అడిగేది ఒకటే: "మీ డ్యామ్ ఎన్ని టీఎంసీలు?" నా జవాబు వాళ్ళకి పెద్దగా నచ్చదు. ఎగువ మిసిసిపీ మీద నేను తనిఖీ చేసిన డ్యామ్‌కి టీఎంసీల లెక్కే లేదు. అది సాగునీటికి కాదు, కరెంటుకి కాదు, వరద ఆపడానికి అసలే కాదు. నదిలో పడవలు నడిచే దారి పొడవునా కనీసం తొమ్మిది అడుగుల లోతు నీళ్ళు నిలిచేలా చూడటం, అంతే దాని పని.

1930లో అమెరికా కాంగ్రెస్ ఈ తొమ్మిది అడుగుల జలమార్గానికి అనుమతి ఇచ్చింది. ఆ దశాబ్దంలోనే చాలా కట్టడాలు లేచాయి. మినియాపోలిస్ నుంచి సెయింట్ లూయిస్ దగ్గరి వరకు నది సుమారు 420 అడుగులు కిందికి దిగుతుంది. ఆ వాలును 29 మెట్లుగా విడగొట్టారు. ఒక్కో మెట్టు దగ్గర నదికి అడ్డంగా గేట్ల డ్యామ్, దాని పక్కన పడవలు ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కడానికీ దిగడానికీ ఒక లాక్, అంటే రెండు కొసలా గేట్లున్న పెద్ద నీటి గది. అన్నిటికన్నా ఎగువన ఉన్న లాక్‌ను 2015లో మూసేశారు. మిగతావాటిలో చాలావాటి వయసు తొంభై ఏళ్ళకు అటూఇటూగా ఉంది, అయినా ఇంకా పని చేస్తున్నాయి.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. ఇలాంటి ఒక లాక్‌లో శీతాకాలంలో నీళ్ళన్నీ తోడేసి తనిఖీ చేసే బృందంలో నన్ను వేశారు. నా వంతు లాక్ గేట్లు. ఇలా పూర్తిగా నీళ్ళు తోడటం చాలా ఏళ్ళకు ఒకసారే జరుగుతుంది. ఐదేళ్ళకు ఒకసారి జరిగే తనిఖీ కూడా దానితో కలిసొచ్చింది కాబట్టి డ్యామ్ వైపు పనిని కూడా దగ్గర నుంచి చూసే అవకాశం దొరికింది.

మొదటి పని కాగితాలు. 1930ల నాటి డ్రాయింగులు, చేత్తో గీసినవి, అక్షరాలు అచ్చు వేసినట్టుంటాయి. పాత తనిఖీ నివేదికలు, పునాది కింద నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్ల రీడింగులు, గేట్లకు జరిగిన రిపేర్ల చిట్టాలు. ఇదంతా బోరు పనే. కానీ అందులో ఒక విషయం నన్ను ఆపేసింది. ఆ లాక్ గోడలు నిలబడింది రాతి మీద కాదు. నది ఇసుకలోకి దిగ్గొట్టిన చెక్క దుంగల మీద. ఈ నది మీద ఇలా కట్టినవి చాలా ఉన్నాయి. చెక్క ఎప్పుడూ నీళ్ళలోనే మునిగి ఉంటే కుళ్ళదు, అందుకే ఇన్నేళ్ళు ఆగింది. అయితే చుట్టూ ఉన్న ఇసుక కొట్టుకుపోతే దుంగకు పట్టు ఉండదు. ఆల్టన్ దగ్గర 1938లో పూర్తయిన 26వ నంబర్ లాక్ అండ్ డ్యామ్‌కు సరిగ్గా అదే బాధ. కింద కోత, గోడల కదలిక. చివరికి రెండు మైళ్ళ దిగువన మెల్విన్ ప్రైస్ పేరుతో కొత్తది కట్టి పాతదాన్ని 1990లో కూల్చేశారు. ఆ కథ తెలిసిన వాళ్ళెవరూ ఇక్కడ పీజోమీటర్ రీడింగును మామూలు అంకెగా చూడరు.

శీతాకాలానికి ముందు, పడవలు నడుస్తుండగా ఒకసారి వెళ్ళి చూశాం. లాక్ ఛాంబర్ 600 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు. దీన్ని గీసిన రోజుల్లో అది ధారాళంగానే ఉండి ఉంటుంది. ఇప్పుడు ఈ నదిలో తిరిగే బార్జీల (ఇంజన్ లేని సరుకు పడవల) గుంపు ఒక్కోటి పదిహేను బార్జీలు, మూడేసి చొప్పున ఐదు వరుసలు, వెనక తోసే టోబోటు. మొత్తం పొడవు పన్నెండు వందల అడుగులకు దగ్గర. ఒక్కో బార్జీలో పదిహేను వందల టన్నుల మొక్కజొన్నో సోయానో ఉంటుంది. అంత పొడవు ఛాంబర్‌లో పట్టదు. అందుకని మధ్యలో విడదీసి, ముందు తొమ్మిది బార్జీలను పంపి, తర్వాత మిగిలిన ఆరింటినీ టోబోటునూ పంపి, అవతల మళ్ళీ కలిపి కడతారు. గంటన్నర, రెండు గంటలు పడుతుంది. వెడల్పులో రెండు పక్కలా కలిపి మిగిలే ఖాళీ ఐదడుగులే.

నీళ్ళు నింపడానికీ తీయడానికీ పంపులు లేవు. గోడల లోపల మనిషి నిలబడి నడవగలిగే సొరంగాలున్నాయి, వాటికి వాల్వులు. ఎగువ వాల్వు తెరిస్తే నది నీరే లోపలికి వస్తుంది, దిగువది తెరిస్తే దానంతటదే పోతుంది. పది నిమిషాల్లోపే మట్టం మారిపోతుంది. గేట్లు రెండు రెక్కలు, ఎగువ వైపు మొన ఉండేలా వంపుగా మూసుకుంటాయి. ఎగువ నీరు ఎంత నొక్కితే రెక్కలు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయి. రెండు వైపులా మట్టం సమానమయ్యే దాకా వాటిని తెరవడం కుదరదు. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, సెన్సర్ అక్కర్లేదు. నాకు తెలిసిన సేఫ్టీ ఏర్పాట్లలో ఇంత నమ్మకమైనది ఇంకొకటి లేదు.

ప్రమాదం ఎక్కువగా తాళ్ళ దగ్గర. అన్ని వేల టన్నులు మెల్లగా కదులుతున్నా దాన్ని ఆపేది గోడ మీది గుంజకు చుట్టిన తాడే. ఆ తాడు తెగితే వెనక్కి కొట్టే దెబ్బకి మనిషి నిలబడడు. లాక్‌లో పనిచేసేవాళ్ళు తాడు మెలికలో ఎప్పుడూ కాలు పెట్టరు, బిగిసిన తాడుకు తిన్నగా నిలబడరు. గోడ అంచున రెయిలింగ్ లేని చోట లైఫ్ జాకెట్ లేకుండా అడుగు పెట్టనివ్వరు. హోదా ఏదైనా సరే. మాతో వచ్చిన ఒక పెద్దాయన "ఫొటో కోసం ఒక్క నిమిషం" అని జాకెట్ విప్పబోతే, లాక్ నిర్వహణ చూసే లాక్‌మాస్టర్ నవ్వుతూనే ఆయన్ని గేటు బయటిదాకా సాగనంపి వచ్చాడు.

చిన్న పడవలకు దారి ఇవ్వడం కూడా చూశాం. గోడకు వేలాడే తాడు లాగితే లోపల గంట మోగుతుంది, లేదా వీహెచ్ఎఫ్ రేడియో 14వ ఛానెల్‌లో పిలవాలి. ఎర్ర లైటు వెలుగుతుంటే దూరంగా ఆగాలి, పచ్చది పడ్డాకే లోపలికి రావాలి. రుసుము లేదు. క్రమం మాత్రం ఉంది: సైనిక నౌకలు, ప్రయాణికుల పడవలు, సరుకు బార్జీలు, ఆ తర్వాతే షికారు పడవలు. ఆదివారం మధ్యాహ్నం పడవేసుకుని వచ్చినవాళ్ళకు ఈ చివరి మాట రుచించదు.

నది పై భాగం గడ్డకట్టి పడవలు ఆగాక అసలు పని మొదలైంది. ముందు ఛాంబర్‌కు రెండు కొసలా బల్క్‌హెడ్లు, అంటే నీళ్ళను ఆపే తాత్కాలిక అడ్డుగోడలు, దింపాలి. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మన పేపర్లన్నీ స్టాప్‌లాగ్, స్టాప్‌లాగ్ అని రాశాయి కదా, అదే జాతి. గోడల్లో ముందే వదిలిన గాడుల్లోకి ఒకదాని మీద ఒకటి ఉక్కు దూలాలు పేర్చుకుంటూ పోతారు. తేలే క్రేన్ పైనుంచి దింపుతుంటే కింద డైవర్ చేత్తో తడిమి సరిగ్గా కూర్చుందో లేదో చెబుతాడు. ఆ నీళ్ళలో కంటికి ఏమీ కనబడదు. సందుల్లోంచి కారే చోట బొగ్గు బూడిద లాంటి పొడి పోస్తారు. నీరు లాక్కుపోయి సందులో ఇరికిస్తుంది, కారడం తగ్గుతుంది. ఇంత పెద్ద వ్యవస్థలో ఈ చిట్కా ఇంకా నడుస్తుండటం నాకు భలే నచ్చింది.

పంపులు వేశాక మట్టం మెల్లగా దిగింది. చివరి రెండు మూడు అడుగుల్లో చేపలు గుంపులుగా చిక్కుకుపోతాయి. రాష్ట్ర మత్స్య విభాగం వాళ్ళు వలలతో దిగి వాటిని పట్టి నదిలో వదిలారు. ఆ తర్వాత వచ్చిన వాసన మాత్రం చెప్పలేను. గోడల నిండా, గేట్ల నిండా జీబ్రా మసెల్స్ అనే వేలిగోరంత గుల్లలు పట్టేసి ఉంటాయి. నీళ్ళు పోగానే చచ్చి కుళ్ళడం మొదలుపెడతాయి. వాటిని గీకి పారేస్తే గానీ ఉక్కు కనబడదు.

బయటివాళ్ళు ఊహించని సంగతి ఒకటి ఇక్కడే తెలిసింది. లాక్‌కు గడ్డుకాలం అది నిండుగా ఉన్నప్పుడు కాదు, ఖాళీగా ఉన్నప్పుడు. నిండుగా ఉంటే లోపలి నీరు గోడల్ని బయటికి నొక్కుతూ బయటి ఒత్తిడికి బదులు చెబుతుంది. ఖాళీ చేశామంటే ఆ బదులు పోయింది. చుట్టూ నది అలాగే ఉంది, నేలలో నీరు అలాగే ఉంది. అది గోడల్ని లోపలికి తోస్తుంది, అడుగు భాగాన్ని కింద నుంచి పైకి ఎత్తుతుంది. అందుకే మేం లోపల ఉన్నంతసేపూ పైన ఒక మనిషి పీజోమీటర్లు చూస్తూనే ఉండేవాడు. ఒక్కో దానికి ఒక హద్దు గీసి పెట్టారు. హద్దు దాటితే చర్చ లేదు, అందరూ పైకి రావాలి, ఛాంబర్‌లోకి తిరిగి నీళ్ళు వదిలేస్తారు. కోట్ల డాలర్ల కట్టడాన్ని కాపాడటానికి నీళ్ళు వదలడమే మందు అన్నమాట. మొదటిసారి నిచ్చెన దిగి ఆ నేల మీద నిలబడినప్పుడు కొంచెం టెన్షన్ పడ్డమాట నిజం. తల ఎత్తి చూస్తే, మామూలుగా నది ఉండాల్సిన గీత నా తలకు చాలా పైన ఉంది.

తాళాల గురించి చెప్పాలి. గేటుకీ వాల్వుకీ కరెంటు ఇచ్చే స్విచ్చు ఆపి, దాని మీద పని చేసే ప్రతి ఒక్కరూ సొంత తాళం వేస్తారు. తాళంచెవి ఎవరిది వాళ్ళ జేబులోనే. లోపల పదిమంది ఉంటే పది తాళాలు. ఆఖరి తాళం తీసేదాకా ఆ మోటారును ఎవరూ కదపలేరు. ఒక సాయంత్రం అందరం పైకి వచ్చాం, ఒక తాళం మిగిలిపోయింది. దాని తాలూకు వెల్డర్ జేబులో చెవితో ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళిపోవడం కళ్ళారా చూసినవాళ్ళు ఉన్నారు. అయినా తాళం కోయలేదు. ఫోన్ చేసి, అతను వెనక్కి వచ్చి సొంత చేత్తో తీసేదాకా అందరం చలిలో కాళ్ళు తొక్కుకుంటూ నిలబడ్డాం. విసుక్కున్నవాళ్ళు లేకపోలేదు. మర్నాడు పొద్దున సేఫ్టీ మీటింగ్‌లో లాక్‌మాస్టర్ ఒక్క ముక్క అన్నాడు: "నిన్న అతను లోపలే ఉండి ఉంటే మనకి ఎలా తెలిసేది?" ఇంకెవరూ ఆ ఊసు ఎత్తలేదు.

సొరంగాల్లోకి వెళ్ళేటప్పుడు ఇంకో పద్ధతి. గాలిని కొలిచే మీటరు ముందు వెళ్ళాలి, ఆక్సిజన్ సరిపోతుందో లేదో, విషవాయువులు ఉన్నాయో చూడాలి. బయట ఒక మనిషి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. లోపలికి వెళ్ళినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం, వాళ్ళతో మాట్లాడుతూ ఉండటం, ఇదే అతని పని. లోపల ఎవరైనా పడిపోయినా అతను లోపలికి పరుగెత్తకూడదు, సహాయ బృందాన్ని పిలవాలి. వినడానికి కఠినంగా ఉంటుంది. కాపాడబోయి చనిపోయిన రెండో మనిషి కథలు ఈ రంగంలో అంత ఎక్కువ.

ఇక నా గేట్లు. ఒక్కో రెక్క బరువంతా అడుగున పింటిల్ అనే అరగోళం మీద ఆనుతుంది. పైన గోడలోకి దిగిన ఉక్కు పట్టీలు దాన్ని పడిపోకుండా పట్టుకుంటాయి. పింటిల్ ఏళ్ళ తరబడి నీళ్ళలో, బురదలో, మనిషి కంటికి దూరంగా తిరుగుతూనే ఉంటుంది. డైవర్లు తడిమి చెప్పగలిగింది కొంతే. అందుకే నీళ్ళు తోడాక అందరం ముందు అటే వెళ్తాం. రెక్క గోడకు ఆనే చోట కొన్ని దిమ్మెలు ఉంటాయి. నీటి ఒత్తిడి అంతా వాటి గుండా గోడలోకి పోవాలి. అవి అరిగి వెంట్రుకవాసి సందు ఏర్పడినా ఆ ఒత్తిడి ఇంకో దారి వెతుక్కుంటుంది. అలా వెతుక్కుని అది ఎక్కువగా చేరేది పింటిల్ చుట్టుపక్కల వెల్డింగుల దగ్గరికి. రోజుకి ఎన్నోసార్లు బరువు పడటం, తీయడం. కొన్నాళ్ళకు సన్నటి పగులు మొదలవుతుంది.

మాకూ అలాంటివి కనిపించాయి. గుల్లలు గీకి, ఉక్కును శుభ్రం చేసి, రంగు ద్రావణం పూసి తుడిచి, మీద తెల్లటి పొడి చల్లితే పగులు ఉన్న చోట ఎర్రగీత తేలుతుంది. ఒక మూల వేలెడంత గీత. ఇంకో రెక్కలో అదే మూల ఇంకొకటి. రెండు చోట్లా ఒకే జాగా అంటే అది యాదృచ్ఛికం కాదు, దిమ్మెల సందులు కొలవమని ఆ లెక్క చెబుతోంది. కొలిస్తే నిజమే, అడుగున సందు ఉంది. పగులును కోసి వెల్డింగు చేసి ఊరుకుంటే మళ్ళీ అక్కడే పగులుతుంది. ముందు దిమ్మెలు సరిచేయాలి. దీని మీద బృందంలో గట్టిగానే వాదన నడిచింది, ఎందుకంటే దిమ్మెల పని అంటే అదనపు రోజులు, వసంతంలో మొదటి బార్జీ వచ్చే లోపు లాక్ తెరవాలి. ఒహయో నది మీద గ్రీనప్ లాక్‌లో 2003లో మూడు వారాల లోపు అనుకున్న పని, లోపల చూశాక 52 రోజులు పట్టింది. సరుకు రవాణా కంపెనీలు ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. చివరికి అరుగుదల ఎక్కువగా ఉన్న కింది భాగం దిమ్మెలు అప్పుడే సరిచేయడం, మిగతావి తర్వాత చూడటం అని తేలింది. రాజీనే, కానీ లెక్క వేసుకుని చేసిన రాజీ.

డ్యామ్ వైపు తనిఖీలో నేను ఎక్కువగా విన్నాను. ఈ గేట్ల డ్యామ్‌లకు పెద్ద వరదలో అసలు పనే ఉండదు. గేట్లన్నీ నీటి మీదకి ఎత్తేస్తారు, నది దానంతటది పారిపోతుంది. ఎగువ మట్టానికీ దిగువ మట్టానికీ తేడా దాదాపు మాయమవుతుంది. డ్యామ్ మీద అసలు బరువు పడేది నీళ్ళు తక్కువగా ఉన్న ప్రశాంతమైన రోజుల్లో, ఎగువ నిండుగా, దిగువ లోతుగా పడిపోయి ఉన్నప్పుడు. వరద వచ్చిన ప్రతిసారీ "డ్యామ్ వాళ్ళు నీళ్ళు వదిలేశారు" అని దిగువ ఊళ్ళు తిట్టుకోవడం అక్కడా మామూలే. వదలడానికి దాచిపెట్టిన నీళ్ళు ఇక్కడ లేవని చెప్పినా ఎవరూ నమ్మరు.

గేటు కింద నుంచి దూకే నీరు దిగువన కాంక్రీటు తొట్టిలో తన దూకుడు తగ్గించుకోవాలి. ఒక గేటునే ఎక్కువ ఎత్తి మిగతావి మూసి ఉంచితే, ఆ దూకుడు తొట్టి దాటిపోయి నది అడుగును తవ్వేస్తుంది. అందుకే గేట్లన్నీ కొంచెం కొంచెంగా, సమానంగా ఎత్తాలని ఒక పట్టిక ఉంటుంది. సోనార్‌తో నది అడుగును కొలిచిన పటం తెచ్చి బల్ల మీద పరిస్తే ఒక గేటు ఎదురుగా గుంట కనిపించింది, పక్కవాటి ముందు లేదు. ఇంజనీర్లం మట్టి గురించి, రాళ్ళ సైజు గురించి మాట్లాడుకుంటున్నాం. వెనక కూర్చున్న ఒక ఆపరేటర్ మెల్లగా అన్నాడు, "చలికాలంలో మిగతా గేట్లు మంచుకి పట్టేస్తాయి. ఆ ఒక్కటే సులువుగా కదులుతుంది. అందుకని దాన్నే వాడతాం." రిజిస్టర్లు తీసి చూస్తే ఏళ్ళ తరబడి అదే కథ. మా మోడల్స్‌లో ఎక్కడా లేని కారణం ఆయన నోట్లో రెడీగా ఉంది, ఎవరూ అడగలేదంతే.

తనిఖీ తర్వాత జరిగిన మీటింగ్ నాకు అన్నిటికన్నా కొత్త అనుభవం. ఈ కట్టడం ఎన్ని రకాలుగా విఫలం కావచ్చో అందరూ కూర్చుని ఊహించాలి. 2005లో కత్రినా తుఫాను తర్వాత, ఈ లాక్‌లను నడిపే అమెరికా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ తన డ్యామ్‌లన్నిటినీ ఇలా రిస్కు లెక్కన చూడటం మొదలుపెట్టి, ఎంత తొందరగా పట్టించుకోవాలో 1 నుంచి 5 వరకు తరగతులు పెట్టుకుంది. మీటింగ్‌లో నియమం ఏమిటంటే "గేటు పోతుంది" అని ఒక్క ముక్కలో చెబితే ఒప్పుకోరు. మొదటి చిన్న సంఘటన నుంచి చివరి నష్టం దాకా మెట్టు మెట్టూ రాయాలి. ప్రతి మెట్టుకీ, ఇది జరగడానికి ఏది తోడ్పడుతుంది, ఏది అడ్డుపడుతుంది అని రెండు పక్కలా రాయాలి.

మాకు ఎక్కువసేపు పట్టింది బార్జీల కథే. నీరు ఉద్ధృతంగా ఉన్న రోజున ఎగువ నుంచి వచ్చే టోబోటు ఇంజన్ ఆగింది. లాక్ ముఖం దగ్గర నీరు డ్యామ్ వైపు అడ్డంగా లాగుతుంది. బార్జీలు గోడకు తగిలి తాళ్ళు తెగి విడిపోయాయి. ఒకటి డ్యామ్ గేటు కింది ఖాళీలో అడ్డంగా ఇరుక్కుంది. వరద తగ్గుతోంది, గేటు మూయాలి, మూయలేం. ఎగువ నీరు జారిపోతోంది. ఆ నీటి మీద ఆధారపడ్డ ఊళ్ళ తాగునీటి పంపులకు నీళ్ళు అందవు, ఎగువన బార్జీలు బురదలో కూర్చుంటాయి. మరోపక్క ఒకటి రెండు గేట్ల గుండానే దూకే నీరు అడుగును తవ్వుతుంది, ఆ కోత చెక్క దుంగల దాకా వస్తే?

ఇది కట్టుకథ కాదు. 2005 జనవరిలో ఒహయో నది మీద బెల్‌విల్ డ్యామ్‌లో బార్జీలు గేట్లలో ఇరుక్కుని ఎగువ మట్టం పడిపోయింది. 2013 ఏప్రిల్‌లో ఇల్లినాయ్ నది మీద మార్సెయిల్స్ దగ్గర వరదలో బార్జీలు తెగి డ్యామ్ గేట్లకు కొట్టుకున్నాయి, ఊళ్ళోకి నీళ్ళు వచ్చాయి. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో కృష్ణకు రికార్డు వరద వచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను విరగ్గొట్టడం, మునిగిన పడవల్ని తీయడానికి రోజుల తరబడి తంటాలు పడటం మనకి తెలిసిందే. ఆ ఫొటోలు నేను మీటింగ్‌లో చూపించాను. లాక్‌మాస్టర్ వాటిని చాలాసేపు చూసి, "ఇవి ఎక్కడ కట్టేసి ఉన్నవి?" అని అడిగాడు. వరద ఎంత అని కాదు, పడవలు ఎక్కడ కట్టి ఉన్నాయి అని. ఎగువన కట్టేసే చోట్ల జాబితా, ఏ ప్రవాహం దగ్గర అడ్డపు లాగుడు ప్రమాదకరం అవుతుందో ఆపరేటర్లకు తెలిసిన అంకె, ఈ రెండూ అంతకు ముందు ఏ కాగితం మీదా లేవు. ఆ మధ్యాహ్నమే రాయించారు.

ప్రాణాల లెక్క వచ్చేసరికి కథ మళ్ళీ తిరగబడింది. ఇలాంటి డ్యామ్ పగిలితే దిగువకు పెద్ద గోడలా నీరు వచ్చే అవకాశం తక్కువ. కానీ చక్కగా పనిచేస్తున్న డ్యామ్ దగ్గరే మనుషులు పోతారు. గేట్ల కింద నీరు సుళ్ళు తిరుగుతూ ఉపరితలం మీద వెనక్కి, డ్యామ్ వైపే లాగుతుంది. దూరం నుంచి చూస్తే నురగ తప్ప ఏమీ అనిపించదు. చేపలు అక్కడే గుమిగూడుతాయి కాబట్టి గాలం వేసేవాళ్ళూ అక్కడికే వస్తారు. మోటారు ఒక్కసారి ఆగితే పడవను నీరు గేట్ల కిందికి లాక్కెళుతుంది, లైఫ్ జాకెట్ ఉన్నా ఆ సుడిలోంచి బయటపడటం కష్టం. అందుకే ఎగువన 600 అడుగులు, దిగువన 150 అడుగులు నిషిద్ధం. "ఈ డ్యామ్ పగిలి పోయినవాళ్ళు నాకు తెలియదు. దాని దగ్గరికి వెళ్ళి పోయినవాళ్ళు తెలుసు" అన్నాడు లాక్‌మాస్టర్. రిస్కు పట్టికల్లో ఈ సంగతికి ఇచ్చే చోటు చాలా చిన్నది. నా మటుకు నాకు అది సరికాదనిపించింది, నివేదికలో రాశాను కూడా. బోర్డుల అక్షరాలు పడవలో కూర్చున్నవాడికి ఎంత దూరం నుంచి కనబడతాయో ఒడ్డు మీద నిలబడి కాదు, పడవలో వెళ్ళి చూడమని రాశాను.

పనులయ్యాక తాళాలన్నీ లెక్కపెట్టి తీసి, మనుషుల్ని రెండుసార్లు లెక్కపెట్టి, ఛాంబర్‌లోకి మెల్లగా నీళ్ళు వదిలారు. బల్క్‌హెడ్లు పైకి లాగారు. గేట్లు ఖాళీగా ఒకసారి, ఒత్తిడి మీద ఇంకోసారి నడిపి దిమ్మెల సందులు మళ్ళీ కొలిచాం. అడుగున సందు పోయింది, పైన కొంచెం మిగిలింది, అనుకున్నదే.

నివేదికలో రాసిన వాటిలో కొన్ని వెంటనే జరిగాయి. గేట్ల పట్టికను మార్చారు, చలికాలంలో కదలని గేట్లకు హీటర్లు బాగుచేయించారు, గుంటలో రాళ్ళు వేయడానికి వేసవికి ఏర్పాటు చేశారు. బోర్డులు కూడా మార్చారు. పింటిల్ తిరిగే చోట అరుగుదలను భరించే తొడుగులు (బుషింగులు) మార్చడం మాత్రం మిగిలిపోయింది. దానికి రెక్కల్నే పైకెత్తాలి, అంటే ఇంకో శీతాకాలం, ఇంకోసారి నీళ్ళు తోడటం. ఆ డబ్బు కోసం వరుసలో నిలబడ్డ లాక్‌లు చాలా ఉన్నాయి. అప్పటిదాకా గేట్లు మూసినప్పుడు రెక్క ఎంత వాలుతోందో కొలిచి పంపమని అడిగాం. ఆ కొలతలు వస్తున్నాయి, ప్రస్తుతానికి అంకె కదలలేదు.